సభాసదుని మౌనము: ఒక ధారావాహికపై ప్రేక్షకుని అభిప్రాయ పరిణామము

1. విషయ నిర్దేశము

ఒక కావ్యమును గూర్చి పాఠకుని అభిప్రాయము కాలక్రమమున మాఱుట వింత కాదు. పదునెనిమిదవ యేట చదివిన గ్రంథము నలువదవ యేట వేఱొక గ్రంథమువలె తోచుట మనలో పెక్కుమందికి అనుభవమే. అయితే నెలల తరబడి సాగు ధారావాహిక నాటకమును గూర్చి ప్రేక్షకుని అభిప్రాయము ఎట్లు మాఱును? ఆ మార్పునకు కారణము కృతియందున్నదా, ప్రేక్షకునియందున్నదా? మాఱిన అభిప్రాయములలో దేనిని ప్రమాణముగా గ్రహింపవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఇందులకై మేము ఒక ధారావాహికను, ఒక ప్రేక్షకుని మాత్రమే గ్రహించితిమి. ధారావాహిక బి.ఆర్. చోప్రా నిర్మించిన ‘మహాభారత్’. ప్రేక్షకుడు ఈ వ్యాసకర్తయే. ఒక్కనిని సాక్షిగా నిలుపుట శాస్త్రసమ్మతమా యను శంక విజ్ఞులకు కలుగవచ్చును. నూఱుమంది అభిప్రాయములను ఒక్కనాడు సేకరించినచో ఆనాటి స్థితి తెలియును. ఒక్కని అభిప్రాయమును ముప్పదియేండ్లు వెంబడించినచో మార్పు జరిగిన తీరు తెలియును. మనకు కావలసినది రెండవది. అయితే సాక్షి తన లోపములను దాచుకొనరాదు. ఆ నియమమును పాటింప యత్నించితిమి.

2. ఇది రాజకీయ నాటకమగుట ఎట్లు?

‘మహాభారత్’ 1988 అక్టోబరు 2 నుండి 1990 జూన్ 24 వరకు, దాదాపు 21 నెలలు, ఆదివారము ఉదయములందు దూరదర్శన్‌లో ప్రసారమయ్యెను. మొత్తము భాగములు 94. రవి చోప్రా దర్శకత్వమును నిర్వహింపగా రాహీ మాసూమ్ రజా రచన చేసెను. కాలపురుషుడు కథ చెప్పుచున్నట్లు కల్పన చేసి, ఆ పాత్రకు హరీశ్ భిమానీ కంఠము నిచ్చెను. జనులు దీనిని భక్తికథగా చూచినమాట నిజమే. కాని కృతినిర్మాణమును గమనించినచో ఇది మొదటినుండియు రాజ్యాధికారమును గూర్చిన నాటకమని తెలియును.

మొదటి భాగమున మనకు కనబడువాడు శ్రీకృష్ణుడు కాడు, ధర్మరాజును కాడు. భరతచక్రవర్తి. ఆతడు తన కడుపున పుట్టిన కుమారులు రాజ్యభారమునకు అర్హులు కారని నిర్ణయించి, భుమన్యుని యువరాజుగా ప్రకటించును. అనగా సింహాసనమునకు జన్మము కాక యోగ్యత ప్రమాణమను సిద్ధాంతము తొలిదినముననే ప్రతిపాదింపబడినది. తరువాతి కథ యంతయు ఆ సిద్ధాంతము భగ్నమైన కథయే. శంతనుని వివాహమునకై దేవవ్రతుడు చేసిన ప్రతిజ్ఞతో యోగ్యుడు తొలగిపోయెను. ఇంకను పుట్టని బిడ్డకు రాజ్యము నిశ్చితమయ్యెను. ధృతరాష్ట్ర పాండురాజుల చిక్కు, దుర్యోధన ధర్మరాజుల స్పర్ధ, రాజ్యవిభజనము, ద్యూతము, రాయబారము వరుసగా ఈ ఒక్క మూలమునుండి పుట్టినవి. ‘రాజ్యము ఎవరిది’ అనునది ఈ నాటకమునకు మొదటి ప్రశ్న. ‘అన్యాయము జరుగునపుడు సభ ఏమి చేసినది’ అనునది రెండవ ప్రశ్న. ఈ రెండవ ప్రశ్న మాకు చాలకాలము కనబడలేదు. ఏల కనబడలేదో తెలిసికొనుటయే ఇక్కడి పరిశీలనము.

3. మొదటి దర్శనము (1988–1990)

ఆనాడు మాకు తొమ్మిది, పది యేండ్లు. తెనాలి ప్రాంతమందలి మా గ్రామమున, మా వీధికంతటికి ఒక్క టెలివిజన్ పెట్టె యుండెడిది. ఆదివారము ఉదయము ఆ యింటి వసారా నిండి, పిల్లలము మెట్లమీద కూర్చుండెడివారము. సంభాషణలు హిందీలో నుండుటచే పెద్దలలో పెక్కుమందికి మాటలు తెలిసెడివి కావు. హైస్కూలు హిందీ పండితుడొకరు ప్రక్కన నిలిచి అర్థము చెప్పెడివారు. కాని వారికంటె ముందే కథ అందఱికి తెలియును. ఏల యనగా ఆ వసారాలోని పెద్దలు తిరుపతి వేంకటకవుల నాటకములతో పెరిగినవారు.

ఆ కవులు భారతకథను ‘పాండవ జననము’ మొదలుకొని వరుస నాటకములుగా రచించిరి. వానిలో ‘పాండవోద్యోగము’, ‘పాండవ విజయము’ అను రెండింటిని కలిపి తెలుగుదేశమున ఊరూర రాత్రి తెల్లవార్లు ప్రదర్శించిరి. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి వంటి నటులు శ్రీకృష్ణ పాత్రచే ప్రసిద్ధులైరి. పద్యము నచ్చినచో ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ అని కేకలువేసి మరల పాడించుకొనెడివారు. ధారావాహిక రాజకీయ నాటకమును చూచు అలవాటు మనకు దూరదర్శన్‌తో వచ్చినది కాదని దీనివలన స్పష్టము. మా వసారాలోని పెద్దలు కన్నులతో చోప్రా కృతిని చూచుచు, చెవులతో తిరుపతి వేంకటకవుల పద్యములను వినుచుండిరి.

మఱియొక విశేషము. ధారావాహిక ప్రారంభమైననాడు రాష్ట్రమునకు ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు. వెండితెరపై శ్రీకృష్ణుడుగను, దుర్యోధనుడుగను కనిపించిన నటుడు 1983 జనవరిలో ఆ పదవిని చేపట్టెను. ధారావాహిక సాగుచుండగనే 1989 ఎన్నికలలో ఆయన పక్షము ఓడిపోగా, డిసెంబరులో మఱ్ఱి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యెను. వసారాలో కథను గూర్చిన మాట రాజకీయముల లోనికి, రాజకీయముల మాట కథలోనికి రాకపోకలు సాగించుట సహజమే. పిల్లలమైన మాకు అదియంతయు అర్థము కాలేదు.

అప్పటి మా అభిప్రాయము సులభమైనది. భీముడు మంచివాడు, దుర్యోధనుడు చెడ్డవాడు, శకుని మఱింత చెడ్డవాడు. భీష్ముడు అందఱికంటె గొప్పవాడు. ముఖేశ్ ఖన్నా ధరించిన ఆ పాత్ర ప్రతిజ్ఞ చేసిన ఘట్టమును మేము వీధిలో ఆడుకొంటిమి. మాటకు కట్టుబడుటయే గొప్పతనమని మాకు తోచెను. నెలల తరువాత ద్యూతసభ ప్రసారమైనపుడు అదే భీష్ముడు తలవంచుకొని కూర్చుండెను. మేము ఆయనను చూడనేలేదు. మా చూపు దుశ్శాసనునిపైన, ద్రౌపదిపైన, చీర నిచ్చు శ్రీకృష్ణునిపైన నిలిచెను.

4. చూడకయే మాఱిన అభిప్రాయము

కళాశాలలో చదువు దినములలో మా పక్షపాతము కర్ణునివైపునకు, కొంత దుర్యోధనునివైపునకు మరలెను. ఈ నడుమ మేము ‘మహాభారత్’ను మరల చూచి యుండలేదు. అయినను దానిపై మా అభిప్రాయము మాఱెను. కారణము 1977లో విడుదలైన ‘దానవీరశూరకర్ణ’. తారక రామారావు దర్శకత్వము వహించి, శ్రీకృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు అను మూడు పాత్రలను ధరించిన చిత్రమది. కొండవీటి వెంకటకవి సంభాషణలు వసతిగృహమున ప్రతి విద్యార్థికిని కంఠస్థములు. కులము ప్రస్తావనతో కర్ణుని నిలిపివేయు సభలో దుర్యోధనుడు ఆతనికి అంగరాజ్యమిచ్చు ఘట్టము మాకు న్యాయవాదముగా తోచెను. జన్మము కాదు, యోగ్యత ప్రమాణమని భరతుడు చెప్పినమాటను ఇక్కడ దుర్యోధనుడు చెప్పుచున్నాడు గదా యని వాదించుచుంటిమి.

పరిశోధకులు గమనింపవలసిన అంశమొకటి ఇక్కడ కలదు. ప్రేక్షకుడు ఒక కృతిని మరల చూడకయే, వేఱొక కృతి ప్రభావమున దానిపై తీర్పు మార్చుకొనును. భారతమువంటి కథకు పాఠాంతరములు అనేకములగుటచే ఈ ప్రభావము మఱింత బలవత్తరము. అట్టి తీర్పును మొదటి కృతికి మాత్రమే అంటగట్టుట పొరపాటు.

5. రెండవ దర్శనము (2020)

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ విధింపబడెను. మార్చి 28 నుండి డి.డి. భారతి ‘మహాభారత్’ను మరల ప్రసారము చేసెను. ఈ పర్యాయము వారమున కొకసారి కాక, దినమునకు రెండు వేళల. అప్పటికి మేము మదీనాగూడలో నివసించుచుంటిమి. మియాపూరు, చందానగరు నడుమ ముంబయి రహదారికి ఆనుకొనియున్న ఈ ప్రాంతము ఒకప్పుడు గ్రామము. నేడు సాఫ్ట్‌వేరు ఉద్యోగుల అపార్ట్‌మెంట్లతో నిండిన పేట. అనతిదూరముననే శేరిలింగంపల్లిలో సురభి కాలనీ కలదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున ‘కీచకవధ’తో ప్రారంభమైన నాటక సంప్రదాయమునకు చెందిన కుటుంబములు అక్కడ నివసించుచున్నవి. ఆ దినములలో రంగస్థలములు మూతబడెను; రహదారి నిశ్శబ్దమయ్యెను. ప్రతి యింటను పగలు కంప్యూటరు ముందు ఉద్యోగము, సాయంకాలము టెలివిజన్.

మేము మొదటి భాగమునుండి వరుసగా చూచితిమి. చిన్ననాడు ప్రతిజ్ఞకును ద్యూతసభకును నడుమ నెలలు గడచెను. బాలుని జ్ఞాపకమున ఆ రెండును వేఱువేఱు కథలుగా నిలిచెను. ఇప్పుడు కొలది వారములలోనే ఒకదాని వెంట నొకటి వచ్చుటచే, కారణకార్యసంబంధము కంటికి కట్టినట్లు కనబడెను. ప్రతిజ్ఞ చేసి సింహాసనమునకు కట్టుబడినవాడే సభలో నోరు మెదపలేని వాడయ్యెను. తన్ను తానోడిన పిదప ధర్మరాజునకు నన్నొడ్డు అధికారము కలదా యని ద్రౌపది అడిగినది. అది కంటతడి మాట కాదు, న్యాయసభలో వేయదగిన ప్రశ్న. ధర్మము సూక్ష్మమని మాత్రమే భీష్ముడు బదులు చెప్పెను. కౌరవులలో ఒకడైన వికర్ణుడు మాత్రము ఇది అధర్మమని లేచి పలికెను. కర్ణుడు ఆతని నోరు మూయించెను. కళాశాలనాటి మా కర్ణపక్షపాతము ఆ రాత్రితో సడలిపోయెను. భీష్మునిపై గౌరవమును సడలెను. ఆయన దోషియని మేము నిశ్చయించితిమి.

ఆ సాయంకాలములలో మా భవనమందలి వృద్ధులొకరితో మేడపైన, దూరము పాటించుచు మాటలాడు అలవాటుండెడిది. వారు యౌవనమున నాటకములు వేసినవారు. మా తీర్పు విని వారు నవ్వి, “మాస్టారూ, మా ఊళ్లో భీష్ముడి వేషం ఎవరికిచ్చేవాళ్లమో తెలుసా? పద్యం రానివాడికి. గడ్డం పెట్టుకుని కూచుంటే చాలు. నేనూ వేశాను. రాత్రంతా కూచున్నా ఒక్క వన్స్‌మోరు వచ్చేది కాదు. సభలో అట్లా కూచోడం ఎంత సులువో మీకు తెలీదు” అనిరి.

“సులువా, బాబాయిగారూ? కష్టమేమో అనుకున్నాను” అంటిమి.

“కష్టమైతే అంతమంది ఎట్లా కూచున్నారండీ?” అని వారి బదులు.

ఆ మాట అప్పుడు మాకు చమత్కారముగా మాత్రమే తోచెను.

6. మూడవ తీర్పు

ఇక చెప్పబోవునది వ్యాసకర్త స్వవిషయము. ప్రస్తుతాంశమునకు అవసరమగుటచేతనే చెప్పుచున్నాము. ఆ మే నెలలో ఒక విద్యాసంస్థ పాలకసమితి సమావేశము కంప్యూటరు తెరమీదనే జరిగెను. మేమును అందొక సభ్యులము. తరగతులు మూతబడినందున తాత్కాలికోపన్యాసకులకు ఆ నెలల వేతనము నీయనక్కరలేదను తీర్మానము వచ్చెను. వారు తమ యిండ్లనుండి పాఠములు చెప్పుచునే యున్నారని మేమెఱుగుదుము. అభ్యంతరమున్నదా యని అధ్యక్షులు అడిగిరి. అందఱికంటె చిన్నవాడైన సభ్యుడొకడు ఉన్నదనెను. ఆతనికి ఎవరును తోడు పలుకలేదు. మా పేరు పిలువగా మేము ‘లేదు’ అంటిమి. తీర్మానము ఏకగ్రీవమని వ్రాసికొనిరి. ఆ యువకుని మాట కార్యవివరణమునకు ఎక్కలేదు.

ఆ ‘లేదు’ అనుటకు మాకు పట్టిన కాలము ఒక్క క్షణము. బాబాయిగారు చెప్పిన సులువు అప్పుడు అర్థమయ్యెను. భారత యుద్ధారంభమున ధర్మరాజు నమస్కరింప వచ్చినపుడు, తాను కౌరవుల ధనమునకు బద్ధుడనని భీష్ముడు చెప్పినట్లు భీష్మపర్వమున నున్నది. ద్రోణ కృప శల్యులును ఆ మాటయే చెప్పిరి. ఆ ఘట్టమును తరగతిలో ఎన్ని మాఱులు చెప్పియుంటిమో లెక్కలేదు. వేతనమును, మర్యాదను, అలవాటును కలిసి మనుష్యుని ఎట్లు కూర్చుండబెట్టునో ఆ పాఠమున మేము ఒక్కనాడును వివరింప లేదు.

మఱి కొలది దినములకు మేము సంస్థకు ఒక లేఖ వ్రాసితిమి. యుక్తులన్నియు సరిగానే యున్నవి. కాని సభ ముగిసినది. అంపశయ్యపై భీష్ముడు ధర్మరాజునకు రాజధర్మములను సవిస్తరముగా చెప్పును. ఆయనకు తెలియనిది ఏదియు లేదని శాంతిపర్వము రుజువు చేయుచున్నది. తెలిసినవాడు తెలిసినదానిని ఎప్పుడు చెప్పెను అనునదియే ఆయనపై మిగిలిన ఆక్షేపము. నేటికిని మేము భీష్ముని నిర్దోషి యనుటలేదు. దోషము వేఱుజాతి మహాపురుషుని దోషము కాదని, జీతము తీసికొని సభలో కూర్చుండు ప్రతివానికి అందుబాటులో నున్న దోషమని మాత్రము అనుచున్నాము. ‘మహాభారత్’ను వీరగాథగా చూచిన మేము, నేడు దానిని సభాకథగా చూచుచున్నాము.

7. మాఱినది ఎవరు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. పాశ్చాత్య రాజకీయ ధారావాహికలలో ప్రేక్షకుల అభిప్రాయము మాఱుట ప్రసిద్ధము. అమెరికాలో 1999 నుండి 2006 వరకు నడచిన ‘ది వెస్ట్ వింగ్’ను నాలుగవ వత్సరముతో దాని సృష్టికర్త ఆరన్ సోర్కిన్ విడిచెను. 2013–2018 నడుమ వచ్చిన ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ను బో విల్లిమన్ నాలుగు విభాగముల పిదప విడిచెను, తుదివిభాగమున ప్రధాన నటుడే లేడు. ఇట్టివానియందు ప్రేక్షకుడు “మునుపటివలె లేదు” అన్నచో, కృతి మాఱెనా తాను మాఱెనా యని విడదీయుట కష్టము. రెండును మాఱియుండవచ్చును.

పునఃప్రసారము ఈ చిక్కును తొలగించును. 1988లోని నటులే, సంభాషణలే, సభయే 2020లో మరల వచ్చినవి. కృతి స్థిరము. కావున అభిప్రాయభేదమునకు కారణములను ప్రేక్షకుని వైపునను, ప్రసారపద్ధతియందును వెదకవలెను. మా యనుభవమున అవి నాలుగు.

మొదటిది, వ్యవధి. వారమున కొకసారి చూచినవాడు ఘట్టమును చూచును. దినమునకు రెండుమాఱులు చూచినవాడు గొలుసును చూచును. అయితే వారపు వ్యవధివలన ఒక లాభమును కలదు. ఆ ఆరుదినములు వసారాలో చర్చ జరిగెడిది. 2020లో మాకు అట్టి చర్చ మేడపైన కొంతసేపు మాత్రమే లభించెను.

రెండవది, భాష. బాల్యమున మాటలు తెలియనపుడు కన్ను కదలికను వెంబడించును. కదలక కూర్చున్నవాడు కనబడడు. హిందీ తెలిసిన పిదప ద్రౌపది వాదము వినబడెను. వాదము వినబడినపుడు, దానికి ఎవరు బదులు చెప్పవలెనో వారివైపు చూపు మరలును.

మూడవది, నడుమ వచ్చిన కృతులు. పద్యనాటకము శ్రీకృష్ణుని, చలనచిత్రము దుర్యోధన కర్ణులను మా ముందు నిలిపినవి. రెండును మాటలాడువారి కళలు. మౌనముగా నున్నవానిని చూపుటకు నెలల తరబడి ఒకే సభను, ఒకే ముఖములను మరల మరల చూపు ధారావాహికకు అవకాశము హెచ్చు.

నాలుగవది, ప్రేక్షకుని స్థానము. సభను మెట్లమీదనుండి చూచుట వేఱు. సభలో ఆసనము లభించిన పిదప చూచుట వేఱు. ఈ నాలుగింటిలో దీనికే బలము హెచ్చని మా నమ్మకము.

8. ఫలితము

పరిశోధక విద్యార్థులకు దీనివలన ఒక సూచన. ధారావాహికలపై ప్రేక్షకాభిప్రాయమును సేకరించునపుడు ‘మీకు నచ్చినదా’ అని మాత్రము అడిగి విడువరాదు. ఎప్పుడు చూచిరి, ఎన్ని మాఱులు చూచిరి, ఎవరితో కూడి చూచిరి, ఏ భాషలో గ్రహించిరి, అదే కథను మఱి యే రూపములందు ఎఱుగుదురు, అప్పటికి వారేమి పని చేయుచుండిరి అని అడిగి, అభిప్రాయమునకు తేదీ వేయవలెను. తరువాతి అభిప్రాయము సరియైనదనియు ముందటిది తప్పనియు తలపరాదు. తొమ్మిదవ యేట మాట తప్పనివానిని గౌరవించుట మంచిదే. ఆ గౌరవము లేనిచో నలువదవ యేట కలిగిన నిరాశకు విలువ లేదు.

2025 ఆగస్టు 7న దేవ కట్టా రూపొందించిన ‘మయసభ’ అను తెలుగు రాజకీయ ధారావాహిక సోనీ లివ్‌లో విడుదలయ్యెను. స్నేహితులుగా మొదలై ప్రత్యర్థులైన ఇద్దఱు నాయకుల కల్పితకథ అది. నేటి రాజకీయమును చెప్పదలచినవారు సైతము భారతమునుండియే పేరు గ్రహించుట గమనింపదగినది. మా విద్యార్థులు దానిని చూచి, ఈ పాత్ర ఎవరు, ఆ పాత్ర ఎవరు అని పోల్చుకొనుటలో మునిగియుండిరి. మొదటి దర్శనమున అది సహజము. వారిని మేము వారింపలేదు. తమ నేటి అభిప్రాయమును తేదీతో వ్రాసి యుంచుకొమ్మని, పదియేండ్ల పిదప మరల చూచి, నాయకుల ప్రక్కన కుర్చీలలో కూర్చున్నవారిని లెక్కింపుమని మాత్రము చెప్పితిమి.

ఆనాటి సమావేశమున ఉన్నదని పలికిన యువకుడు ఇప్పుడు మఱియొక ఊర ఉపన్యాసకుడు. ఆతనికి మేము చెప్పవలసిన మాటను ఆలస్యముగానైనను చెప్పితిమి. ఆ తీర్మానము మాత్రము ఏకగ్రీవముగనే నిలిచియున్నది.